ఇష్టము లేని ఆట: అగస్సీ ఆత్మకథను గూర్చి

మన భాషలో 'ఆటవిడుపు' అని ఒక చక్కని మాట కలదు. పూర్వము బడిలో అయ్యవారు పిల్లలను పాఠమునుండి కొంతసేపు వదలిపెట్టుటకు ఆ పేరు. పాఠము కట్టు, ఆట విడుపు అను భావము ఆ మాటలోనే ఇమిడియున్నది. ఇష్టముతో ఆడునదే ఆట. ఇష్టము లేనిచో అది చాకిరి యగునే గాని ఆట కాదని మనము తలంచుచుందుము. ఆ తలంపుతోనే, వేలకొలది జనుల యెదుట ఆడి లోకమున ప్రథమస్థానము నందుకొన్నవానికి తన ఆటపై అపారమైన ప్రేమ ఉండి తీరునని కూడ నమ్ముదుము. ప్రేమ లేక అంత శ్రమ ఎవడు పడును?

ఈ నమ్మకమును తలక్రిందులు చేసిన గ్రంథమొకటి 2009లో అమెరికాలో వెలువడెను. దాని పేరు 'ఓపెన్'. అది టెన్నిస్ క్రీడాకారుడు ఆండ్రీ అగస్సీ ఆత్మకథ. నాలుగు గ్రాండ్ స్లామ్ పోటీలను గెలిచి, మొత్తముమీద ఎనిమిది సింగిల్స్ బిరుదులు పొంది, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము కూడ అందుకొన్నవాడు, తన కథ ప్రారంభించిన కొలది పుటలలోనే తనకు టెన్నిస్ అన్న ద్వేషమని చెప్పుకొనెను. అది చిన్ననాడు పుట్టిన ద్వేషమనియు, కడపటి పోటీలాడునాటికిని పోలేదనియు కూడ చెప్పెను. ఆ ఆటవలన కీర్తియు ధనమును పొందినవాడు ఇట్లనుట కృతఘ్నత యని కొందరు అనవచ్చును. పుస్తకము అమ్ముడుపోవుటకు పన్నిన ఉపాయమని మరికొందరు అనవచ్చును. ఆ మాట నిజమేనా, నిజమైనచో దాని అర్థమేమి అని విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మన సంచికలో ఒక అమెరికా ఆటగాని పుస్తకమునకు చోటేల యని పాఠకులు అడుగవచ్చును. బిడ్డలకు ఏదో ఒక విద్యను పట్టుబట్టి నేర్పని ఇల్లు మనలో ఎన్ని కలవో ఒక్కమారు ఎంచి చూచుకొన్నచో ఆ సందేహము తీరును.

కథలో మొదట చెప్పవలసినది తండ్రిని గూర్చి. ఇమాన్యుయేల్ అగస్సీ ఇరాన్ దేశమున పుట్టినవాడు. 1948లో లండనులోను, 1952లో హెల్సింకీలోను జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆ దేశము పక్షమున ముష్టియుద్ధమున పాల్గొన్నవాడు. తరువాత అమెరికాకు వలసవచ్చి, మైక్ అని పేరు మార్చుకొని, లాస్ వేగాస్ నగరమునందలి జూదశాలలలో ఉద్యోగము చేయుచు నలుగురు బిడ్డలను పెంచెను. ఇల్లు కొనదలచినప్పుడు అతడు ముందు చూచినది పెరడు. అందులో టెన్నిస్ కోర్టు పట్టునో పట్టదో కొలిచి చూచుకొని ఆ తరువాతనే బేరమాడెను. 1970లో పుట్టిన కడసారి బిడ్డడు ఆండ్రీ. ఉయ్యాలలోని శిశువు కన్నుల యెదుట బంతులు వ్రేలాడదీసిన తండ్రి అతడు.

బంతులు విసరు యంత్రమొకటి కొని, దాని శక్తి హెచ్చించి, ఎత్తైన పీఠముపై నిలిపి, గంటకు 110 మైళ్ల వేగమున బంతి మీదికి దూకివచ్చునట్లు తండ్రి యేర్పాటు చేసెను. ఏడేండ్ల బాలుడు ఆ నల్లని యంత్రమునకు 'డ్రాగన్' అని పేరు పెట్టుకొనెను. నిప్పులు గ్రక్కు ఆ పురాణమృగము పేరు దానికి తగియున్నది. దినమునకు 2,500 బంతులు కొట్టవలెను. అట్లు వారమునకు 17,500. ఏడాదికి ఇంచుమించు పదిలక్షలు. ఏడాదికి పదిలక్షల బంతులు కొట్టిన బిడ్డను ఓడింపగలవాడుండడని తండ్రి లెక్క. ఆ లెక్కలో బిడ్డ మనస్సునకు అంకె లేదు.

ఈ భాగమున ఒక చిన్న వివరము నా మనస్సున నిలిచిపోయినది. అలసట మితిమీరినప్పుడు ఆ బాలుడు కావలెనని బంతిని రాకెట్టు చట్రమునకు తగిలించి ప్రహరికి ఆవల పడవేయుచుండెడివాడు. అది పొరపాటని తండ్రి యనుకొనవలెను. బంతి పోయినందుకు ఆయన చిందులు త్రొక్కుచుండగా తనకు కొన్ని క్షణములు ఊపిరి తీసికొన వీలు చిక్కవలెను. అంత వేగమున వచ్చు బంతిని పొరపాటువలె కనబడునట్లు తప్పుగా కొట్టుటకు ఎంత నేర్పు కావలెనో పాఠకులు ఊహింతురు గాక. ఆ పిల్లవాని తొలి తిరుగుబాటు సైతము టెన్నిస్ నేర్పుతోనే జరిగినది. ఆటను నిరసించుటకు కూడ వానికి ఆ యాట తప్ప వేరొక భాష లేకపోయెను. మానవలెనని మనస్సు మొరపెట్టుకొనుచున్నను చేయి మానదనియు, కోరిక యొకటి, చేత యొకటి యగుటయే తన బ్రతుకంతయుననియు గ్రంథకర్త ఇక్కడనే సూచించును. గ్రంథమున మిగిలిన పుటలన్నియు ఈ పెరటిలోనివే యన్నను తప్పులేదు.

ఇక 'ద్వేషము' అను మాట. ఆంగ్లమున అతడు వాడిన మాట ఒక్కటే. ఆ యొక్క మాటనే పుస్తకమంతట పలుమారు వాడెను. తెలుగున దానిని ఎట్లు చెప్పుదుము? ద్వేషమా, ఏవగింపా, రోతయా, విసుగా? మన భాష ఈ భేదములను పాటించును. ద్వేషము శత్రువుపై పుట్టునది. ఏవగింపు శరీరము పడు బాధ. విసుగు పునరుక్తివలన కలుగును. ఇవిగాక 'మొగము మొత్తుట' అని ఇంటిలో ఆడువారు వాడు మాట యొకటి కలదు. రుచియైన పదార్థమే యైనను పూటపూటకు వడ్డించినచో కలుగు స్థితి యది. తెలుగు పాఠకుడు ఈ పుస్తకమును చదువుచు ఆ యాంగ్లపదము వచ్చిన ప్రతి చోట మన మాటలలో ఏది తగునని చూచుకొనుచు పోయినచో, ఒకే మాట క్రింద నాలుగైదు వేర్వేరు మనోవస్థలు దాగియున్నట్లు కనుగొనును.

బాల్యమున అది భయము. అచట పిల్లవాడు ద్వేషించునది బంతిని గాని, గీతలను గాని కాదు. వెనుక నిలిచి అరచు కంఠమును. పదమూడవ యేట వానిని ఫ్లారిడాలోని బ్రాడెంటన్‌లో నిక్ బొలెటియేరి నడుపు శిక్షణాలయమునకు పంపిరి. తండ్రి యొద్ద మూడు నెలలకు సరిపడు ధనమే యుండెను. బాలుని ఆట చూచి బొలెటియేరి ఆ ధనమును తిప్పిపంపి ఉచితముగా ఉంచుకొనెను. లోకము దానిని అదృష్టమనును. బాలునికి అది శిక్షాకాలము పెరిగినట్లయినది. అప్పుడు భయము పోయి ధిక్కారము వచ్చెను. జుట్టు రంగులు మారినది, చెవికి పోగు వచ్చినది, నియమములను వెక్కిరించునట్లు జీన్స్ తొడిగి ఆటకు దిగుట జరిగినది. చదువు తొమ్మిదవ తరగతితో ఆగిపోయెను. వచ్చినది ఆట యొక్కటే. అందువలన దానిని వదలుటకును దారి లేదు.

యౌవనమున ఆ మాటకు మరియొక అర్థము వచ్చును. 1990లో ఫ్రెంచి పోటీ ఫైనల్ నాటికి అతని జుట్టు రాలిపోవుచుండెను. దానిని దాచుటకు పెట్టుకొన్న కృత్రిమకేశములు ముందునాటి రాత్రి స్నానమున చెదరిపోగా, పిన్నులతో బిగించుకొని కోర్టులోనికి వచ్చెను. ఆనాడు తాను గెలుపు కొరకు గాక, ఆ జుట్టు ఊడి పడకుండుట కొరకు ప్రార్థించితినని వ్రాసికొనెను. ఆండ్రెస్ గోమెజ్ చేతిలో ఓడెను. నవ్వు పుట్టించు ఘట్టమే. కాని నవ్వు గొంతుదాటి రాదు. మొదటినుండి ఇతరుల కన్నులయందే బ్రతికినవానికి ఆ కన్నులయెడ భయము తప్ప మరేమి మిగులును?

1992లో వింబుల్డన్ ఫైనల్‌లో గోరన్ ఇవానిసెవిచ్‌ను అయిదు సెట్లలో ఓడించి తన తొలి గ్రాండ్ స్లామ్ గెలుపొందెను. గెలిచిన వెంటనే తండ్రితో టెలిఫోనులో మాటాడగా, తండ్రి మొదట అడిగినది నాల్గవ సెట్టు పోగొట్టుకొన్న సంగతి! ఈ ఒక్క వాక్యముతో ఘట్టము ముగించియున్నచో తండ్రి కఠినుడని మాత్రమే తెలిసెడిది. గ్రంథకర్త అంతటితో ఆగలేదు. మాట లేని ఆ వైపున చిన్న శబ్దము వినవచ్చుటయు, తండ్రి కంటతడి పెట్టుచున్నాడని కుమారుడు గ్రహించుటయు కూడ వ్రాసెను. ప్రేమ యున్నది, దానికి మాట లేదు. స్కోరు చెప్పు భాష తప్ప ఆ యింటిలో మరియొక భాష ఎవ్వరును నేర్చుకొనలేదు. పుస్తకమునందలి శ్రేష్ఠమైన పుటలలో ఇది యొకటి.

మన ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, ఈ గ్రంథమున అమర్షము, విషాదము, నిర్వేదము అను సంచారిభావములు వచ్చుచు పోవుచుండును. వీరరసమునకు వలసిన సామగ్రి యంతయు ఉన్నది. ప్రతినాయకులు కలరు, విజయములు కలవు, జనఘోష కలదు. ఐనను ఉత్సాహము స్థాయిగా నిలువదు. చదివి మూసిన పిదప హృదయమున మిగులునది, తిరిగిరాని బాల్యమును గూర్చిన శోకము. కరుణమే దీనికి అంగిరసము. ద్వేషమను మాట ఆ శోకముపై కప్పిన ముసుగు.

ఈ మాటను నమ్మనివారు అతనికి అడుగడుగున తగులుదురు. ద్వేషమని చెప్పగానే, నిజముగా కాదులే యని నవ్వి తేల్చివేయుదురు. నమ్మినది ఒక్క స్టెఫీ గ్రాఫ్. 2001లో అతనిని వివాహమాడిన ఆమె 22 గ్రాండ్ స్లామ్ సింగిల్స్ బిరుదులు పొందిన మహాక్రీడాకారిణి. ఆమెకును తండ్రియే తొలిగురువు. ఈ మాట విన్నప్పుడు ఆమె ఆశ్చర్యపడలేదనియు, ఇది అందరికి ఉన్నదే గదా యన్నట్లు చూచెననియు అగస్సీ వ్రాసెను. వియ్యంకులిద్దరు తొలిసారి కలిసికొన్నప్పుడు, ఆ డ్రాగన్ యెదుటనే ఆటపద్ధతులపై వాదించుకొని కొట్లాటకు సిద్ధమైన ఘట్టము కూడ పుస్తకమున కలదు. అది మంచి హాస్యము. బిడ్డలిద్దరు ప్రపంచవిజేతలైన తరువాత కూడ తండ్రులకు ఆట ముగియలేదు.

ఆటగాని యయిష్టమును గూర్చి వ్రాసినవారిలో అగస్సీ మొదటివాడు కాడు. ఆంగ్లరచయిత అలన్ సిలిటో 1959లో ప్రకటించిన 'ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్ డిస్టెన్స్ రన్నర్' అను పెద్దకథ ఇచట స్మరింపదగినది. 1962లో అది చలనచిత్రముగా కూడ వచ్చెను. రొట్టెల దుకాణమున దొంగతనము చేసి బాలనేరస్థుల నిర్బంధశాలకు వచ్చిన స్మిత్ అను కుర్రవాడు అందు నాయకుడు. వాడు చక్కగా పరుగెత్తగలడని గుర్తించిన అధికారి, తన సంస్థకు కప్పు తెచ్చిపెట్టుటకు వానిని ప్రతి వేకువను ఒంటరిగా పొలముల వెంట పరుగెత్త పంపును. ఆ పరుగు వానికి ఇష్టమే. మంచుపట్టిన ఆ ప్రాతఃకాలములందే వానికి స్వేచ్ఛగా ఆలోచించుకొన వీలు చిక్కినది. పందెము దినమున అందరికంటె ముందు వచ్చి, గీత దాటక అచటనే నిలిచిపోవును. అధికారి చూచుచుండగా, జనము కేకలు వేయుచుండగా, వెనుకవాడు వచ్చి గెలుచువరకు కదలడు.

ఈ యిద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన ఎడల విషయము తేటపడును. స్మిత్‌కు పరుగు ఇష్టము, పందెము అసమ్మతము. అగస్సీకి ఆట అయిష్టము, గెలుపు విడువరానిది. అగస్సీ కూడ కావలెనని ఓడినాడు. 1996లో ఆస్ట్రేలియా పోటీ సెమీఫైనల్‌లో, ఫైనల్‌కు పోయినచో బోరిస్ బెకర్‌ను ఎదుర్కొనవలసి వచ్చునని మైకేల్ చాంగ్ చేతిలో తానై ఓడితినని ఒప్పుకొనెను. అయితే ఆ ఓటమిని చూచినవారికి అది ఓటమివలెనే కనబడినది. స్మిత్ ఓటమి బహిరంగమైన ఒక ప్రకటన. అగస్సీ ఓటమి చట్రమునకు తగిలించి ప్రహరి దాటించిన మరియొక బంతి. సిలిటో కథలోని కుర్రవానికి పోగొట్టుకొనుటకు ఏమియు లేదు; అందువలన వాడు తిన్నగా నిలువగలిగెను. అగస్సీకి ప్రతి గెలుపును ఒక క్రొత్త సంకెల యయ్యెను. 'ఓపెన్' అని పుస్తకమునకు పేరు పెట్టుకొన్నవాడు బాహాటముగా నిలుచుటకు మరి పదుమూడేండ్లు పట్టినది.

1995 ఏప్రిల్‌లో ప్రపంచమున ప్రథమస్థానము నందుకొన్నవాడు 1997 నవంబరునాటికి 141వ స్థానమునకు జారెను. ఆ యేడు మాదకద్రవ్యము సేవించుటయు, పరీక్షలో పట్టుబడినప్పుడు అబద్ధపు లేఖ వ్రాసి తప్పించుకొనుటయు అతడు తానై వెల్లడించెను. పత్రికలన్నియు ఈ సంగతినే పెద్దది చేసికొన్నవి. నా దృష్టిలో దానికంటె విలువైనది దాని వెంటనే వచ్చు ఘట్టము. సొంతయూరు లాస్ వేగాస్‌లో జరిగిన ఒక చిన్నతరగతి పోటీలో, స్కోరు పలకలను చేతితో త్రిప్పు కోర్టులలో, వింబుల్డన్ విజేత కుర్రవారితో సమముగా ఆడుటకు దిగెను. చూచుటకు జనము లేరు. వెనుక నిలిచి అరచు తండ్రి లేడు. వచ్చు ధనము లెక్కింపదగినది కాదు. ఆనాడు మానివేసియున్నచో అతనిని అడుగువాడు లేడు. అయినను ఆడెను. ఇరువదియేడేండ్ల వయస్సున, ఆ యాటను అతడు తనకు తానుగా ఎన్నుకొనుట అదియే మొదటిసారి.

ఇష్టము వేరు, సమ్మతి వేరు. ఈ పుస్తకము తాను ఇష్టము లేకపోవుటను గూర్చి చెప్పుచున్నానని యనుకొన్నది. నిజమునకు సమ్మతి లేకపోవుటను గూర్చి చెప్పినది. ఇష్టము లేకున్నను మనుష్యుడు గొప్ప పనులు చేయగలడు. వేకువను లేచి చన్నీళ్లలో దిగు ఈతగానికి, నూరవ మారు అదే బరువు నెత్తు మల్లునికి ఆ క్షణమున ఇష్టముండునని ఎవరు చెప్పగలరు? సమ్మతి యున్నచో ఆ కష్టము తనది. అది లేనిచో విజయము కూడ పరులది. 1997 తరువాత అగస్సీ టెన్నిస్‌ను ప్రేమించినట్లు వ్రాయలేదు. కాని తొమ్మిదవ తరగతితో చదువు మానిన తాను పేదపిల్లల కొరకు ఒక పాఠశాల నెలకొల్పవలెనని సంకల్పించి, ఆటను దానికి ఉపకరణము చేసికొనెను. 2001లో లాస్ వేగాస్ పడమటి భాగమున ఆ పాఠశాల తెరవబడినది. నడుమ, 1999లో, ఫ్రెంచి పోటీ ఫైనల్‌లో ఆండ్రీ మెద్వదెవ్‌కు మొదటి రెండు సెట్లు కోలుపోయియు తుదకు గెలిచి, నాలుగు గ్రాండ్ స్లామ్ పోటీల వరుసను పూర్తిచేసెను. తొమ్మిదేండ్ల క్రిందట జుట్టు కొరకు ప్రార్థించిన ఆ కోర్టులోనే అప్పటికి బోడితలతో నిలిచెను.

గుణములు చెప్పితిని గనుక దోషములును చెప్పవలెను. ఈ గ్రంథమును అక్షరరూపమున పెట్టినవాడు జె. ఆర్. మోరింగర్ అను పత్రికారచయిత. ఆయన తన పేరు అట్టపై వలదనెను. అగస్సీ పుస్తకము చివర కృతజ్ఞత చెప్పికొనెను. వచనము బిగువైనది, వేగము కలది. ఐనను ఏడేండ్ల బాలుని మాటలు, తండ్రి మాటలు నాటకమున సంభాషణలవలె తీర్చబడియుండగా, జ్ఞాపకమెంత, కల్పనానైపుణ్యమెంత యని పాఠకుడు అడుగక తప్పదు. కథ యంతయు వర్తమానకాలమున చెప్పుటవలన ప్రతి సంఘటనయు కన్నులయెదుట జరుగుచున్నట్లుండును. కాని వయస్సు మీరినవాడు వెనుదిరిగి చూచి చేయవలసిన వివేచనకు చోటు తగ్గును. ప్రతి ప్రకరణమును ఒక సూక్తితో ముగియవలెనను తొందర యొకటి కలదు. అన్నింటికంటె పెద్ద చిక్కు మరియొకటి: ఆటను ద్వేషించితినన్నవాడు ఆటను వర్ణించినప్పుడు ఎంతటి సూక్ష్మదృష్టి! ఎదిరి నాలుక ఏ వైపునకు జాచునో చూచి బంతి ఏ వైపునకు వచ్చునో చెప్పగలవాడు, ఆ యాటకు మనస్సు ఈయనివాడా? ఈ వైరుద్ధ్యమును గ్రంథకర్త ప్రదర్శించెనే గాని విప్పలేదు. విప్పకుండుటయే మేలేమో. కొన్ని ముడులు విప్పినచో దారము తెగును.

తండ్రి పద్ధతి ఫలించెను గదా యని వాదించువారికి పుస్తకములోనే సమాధానమున్నది. అదే తండ్రి, అదే పెరడు, అదే పట్టుదల పెద్దబిడ్డ రీటాకును, అన్న ఫిలిప్‌నకును దక్కినవి. వారిరువురును విజేతలు కాలేదు. అక్క తండ్రికి ఎదురుతిరిగెను. అన్న తండ్రి నోట 'ఓడిపోవువాడు' అను ముద్ర మోసికొని తిరిగెను. గెలిచిన ఒక్కని చూపి పద్ధతి మంచిదనుట, లాటరీ వచ్చినవానిని చూపి లాటరీ మంచి సంపాదన యనుట వంటిది. గెలిచినవాడు వ్రాసిన పుస్తకమే మనకు దొరకును. గెలువనివారి పెరళ్ల కథలు ఎవరు అచ్చువేయుదురు?

ఇక మన సంగతి. ఇంటి వెలుపల భాష వేరు, బడిలో భాష వేరు అయిన ఊళ్లలో తరతరములుగా నిలిచిన కుటుంబములము మనము. తెలుగు మన బిడ్డలకు గాలితో నీటితో వచ్చునది కాదు, కూర్చుండబెట్టి నేర్పవలసినది. ఆ పనిలో మనమందరము ఎంతో కొంత మైక్ అగస్సీలమే. నా కుమార్తెకు ఆరేండ్లు నిండినది మొదలు, సంఘమువారి పద్యపఠనపు పోటీ కొరకు దినమునకు పది పద్యములు వల్లెవేయించితిని. దీపము పెట్టిన పిదప అరగంట. పండుగనాడును విడుపు లేదు. మూడేండ్లు వరుసగా మొదటి బహుమతి తెచ్చినది. పద్యమునకు అర్థమేమని అమ్మాయి నన్నెన్నడు అడుగలేదు, నేనును చెప్పలేదు. నాలుగవ యేట ఒకనాడు యతిస్థానమున అక్షరము మార్చి చదివెను. గద్దించితిని. మరల అదే తప్పు, అదే స్థానమున. ఆ యేడు బహుమతి రాలేదు, మరపు అనుకొంటిని.

బంతిని చట్రమునకు తగిలించిన ఘట్టము చదివిన రాత్రి నాకు ఆ పద్యము జ్ఞప్తికి వచ్చినది. సరిగా యతి చెడునట్లు తప్పు చదువవలెనన్న యతి యెక్కడనో ఎరిగియుండవలెను గదా! ఇప్పుడు ఆమెకు తెలుగు చదువ వచ్చును, చదువదు. నాకు వ్రాయునది ఆంగ్లముననే. అడుగవలెనని పలుమారు అనుకొంటిని, ఇంకను అడుగలేదు.

కట్టు విడిచినచో తెలుగు పోవును. కట్టు బిగించినచో తెలుగుపై మనస్సు పోవును. ఈ రెంటి నడుమ దారి యేది యని అగస్సీ పుస్తకము మనకు చెప్పదు. అది దాని పనియు కాదు. కాని ఒక్కటి మాత్రము చూపును. నేర్పు ఒకరు బలవంతముగా ఈయగలరు. నేర్చినదానిని తనదిగా చేసికొనుట మాత్రము నేర్చినవాని సమ్మతివలననే కలుగును. ఆ సమ్మతి అడుగుటకు అగస్సీ ఇంటిలో ఎవ్వరికిని తీరిక లేకపోయెను. మనకు కలదా?

పుస్తకము చివర ఒక చిన్న దృశ్యమున్నది. పోటీలు ముగిసినవి, 2006లో న్యూయార్క్‌లో జనము లేచి నిలిచి చప్పట్లు కొట్టగా సెలవు తీసికొనుట జరిగిపోయినది. అగస్సీ, భార్య ఒక కోర్టులో ఊరక బంతి కొట్టుకొనుచున్నారు. పోవు వేళ యగును. అతనికి మరి కొంతసేపు ఆడవలెననియే యుండును. ఆటవిడుపు ముగిసినప్పుడు ప్రతి బాలుడును కోరు కోరిక యది. ముప్పదియేండ్లు పైబడి ఆడిన తరువాత అతనికి అది దొరికినది.

వచ్చు ఉగాదికి మన పోటీలు ఎప్పటివలెనే జరుగును గాక. వానితోపాటు మార్కులు లేని, బహుమతి లేని, న్యాయనిర్ణేతలు లేని ఒక అరగంట ఉండవలెనని కార్యవర్గమువారికి నా మనవి. ఆ అరగంటలో బిడ్డ తనకు తోచినది చదువవచ్చును, తప్పులతో చదువవచ్చును, చదువక ఊరకుండవచ్చును. తల్లిదండ్రులు వెలుపల కూర్చుండవలెను. వెలుపల కూర్చుండువారిలో మొదటివాడుగా నా పేరు వ్రాసికొనుడు.